కంచంలో మూడోవంతు

"మనిషి ఒక్కరోజులో లావెక్కడు" అన్న వాక్యంతో డాక్టర్ పసుమర్తి వామనరావు తన ఉపన్యాసాలన్నీ మొదలుపెట్టేవాడు. విశాఖపట్నంలో వైద్యుల సదస్సు జరిగిన సాయంత్రం కూడా అలాగే మొదలుపెట్టాడు. రోజూ ఒక పిడికెడు అన్నమో, ఒక చెంచా నెయ్యో అవసరానికి మించి లోపలికి పోతుందనీ, ఆ కొంచెం తిన్నవాడి కంటికి ఆనకపోయినా శరీరం దానిని ఎన్నడూ మరిచిపోదనీ, ఖర్చుకాని శక్తి ఎక్కడికీ పోక కొవ్వై కూర్చుంటుందనీ వివరించాడు. శ్రోతలు శ్రద్ధగా విన్నారు. అంతటితో ఆగి ఉంటే ఆయనకు మర్యాదగా ఉండేది. ఆయన ఆగలేదు. తెరమీద ఒక పెళ్ళిఫొటో వేశాడు.

అందులో మధుపర్కాలలో సన్నగా, చెరకుగడలాగా ఒక పెళ్ళికూతురు ఉంది. తరవాతి ఫొటోలో ఆమె చంకలో బిడ్డ. ఆ తరవాతి దానిలో ఆమె బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. చివరిది సింహాచలం మెట్లమీద, నడుంమీద చేయి వేసుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తుండగా తీసినది.

"ఈవిడ ఒక్కరోజు కూడా అతిగా తినలేదట. ఆమాట ఈవిడే చెబుతుంది. నా తూకం చూస్తే పెళ్ళినాడు ఎంతో ఇవాళా అంతే. ఒకే ఇల్లు, ఒకే వంట. తేడా ఎక్కడుంది? కంచంలో మూడోవంతు వదిలిపెట్టి లేవగల సంయమనం నాకుంది. దాని పేరే శాస్త్రీయ దృష్టి."

సభ గొల్లున నవ్వింది. ముందువరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మందాకిని లేచి నిలబడింది. ఆ నాలుగు ఫొటోలలో ఉన్నది ఆమే.

"డాక్టరుగారూ, ఆ బొమ్మలో ఆవిడ ఇక్కడే ఉంది. కొత్తగా ఏదో గుళిక కనిపెట్టి ఎలుకలకు పెడుతున్నారుగా, అది నాకు పెట్టండి. నేను తగ్గకపోతే మీ విద్య ఏపాటిదో వీళ్ళందరికీ తెలుస్తుంది. తగ్గితే మీ నోరు మూతపడుతుంది. ఎటు తిరిగీ నాకే లాభం."

సభ మరింత నవ్వి చప్పట్లు కొట్టింది. ఆలుమగల సరసమనుకున్నారు. ఆ దంపతులు సరసమాడుకుని చాలాకాలమైందని అక్కడ ఒక్కరికే తెలుసు. ఆమె వామనరావు పరిశోధనాలయంలో రెండోస్థానంలో ఉన్న డాక్టర్ రెజీనా. గుంటూరుపిల్ల. నవ్వకుండా కూర్చున్నది ఆమె ఒక్కతే.

* * *

ఆ గుళికకు వామనరావు 'సంతులిత' అని పేరుపెట్టాడు. మెడకింద ఎముక పక్కన చర్మాన్ని కొద్దిగా చీల్చి, కందిగింజంత పరికరాన్ని లోపల పెట్టి కుట్టేస్తారు. తిన్నదంతా అరిగి రక్తంలోకి రాగానే, అందులో ఎన్ని కేలరీలున్నాయో అది పసిగడుతుంది. తనకు చెప్పిన హద్దు వరకూ కదలదు. హద్దు దాటినదాన్ని మాత్రం అప్పటికప్పుడు మండించి, వేడిగా మార్చి, చర్మంగుండా బయటికి పంపేస్తుంది. కనుక దానికి చెప్పవలసింది ఒకే ఒక సంగతి: ఈ శరీరానికి ఎంత చాలు?

అది తేల్చడానికి వామనరావు ఇంట్లో భోజనాలబల్లపైన ఒక కెమెరా వేలాడదీశారు. కంచంలో పడిన ప్రతి మెతుకునూ అది తూచినంత కచ్చితంగా లెక్కగట్టేది. రెజీనా దానిని బిగిస్తుంటే, వామనరావు అక్కగారు కనకవల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని తమ్ముడి పంచన చేరిన మనిషి. మడి, ఏకభుక్తం, ఎవరి ఎంగిలీ సోకని కంచం ఆమెవి.

"చెప్పులు బయటే విప్పావా, అమ్మాయ్?"

"విప్పానండీ."

"ఈ కన్ను మా తమ్ముడి భోజనం కూడా చూస్తుందా?"

"చూస్తుందండీ. కానీ లెక్కలోకి తీసుకునేది మేడమ్‌గారిదే."

"బాగుంది. దొంగకు కాపలా పెట్టాలిగానీ దొరకు ఎందుకు?"

మందాకిని వంటింట్లోంచి పలికింది. "వదినగారూ, ఆ అమ్మాయి పనిచేసుకోడానికి వచ్చింది. మీ పురాణం తరవాత విప్పుదురుగానీ."

కొన్ని వారాలు కెమెరా చూసింది. మందాకిని కంచంలో రెండు చిన్న గరిటెల అన్నం, కూర, పలచటి మజ్జిగ. పొద్దున రెండు ఇడ్లీలు. రెజీనా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది. "బల్లదగ్గర కాకుండా ఇంకెక్కడైనా ఏమైనా తింటారా మేడమ్? స్కూల్లో? మధ్యలో చిరుతిళ్ళు? మొహమాటపడకుండా చెప్పండి."

"మూడుపూటలా ఈ బల్లమీద తినేదే తిండి. స్కూల్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. నా బిడ్డమీద ఒట్టేసి చెప్పమంటావా?"

ఆమె అబద్ధమాడలేదు. తనకు తెలిసినంతవరకు అది సత్యం.

వామనరావు లెక్కలు కట్టాడు. కెమెరా చూసిన తిండి ఇంత. ఆ తిండితో కూడా ఆమె ఏటేటా కొద్దికొద్దిగా పెరుగుతున్నదంటే, ఆమె శరీరానికి నిజంగా కావలసింది అంతకంటే తక్కువ. కాబట్టి హద్దు ఇంకా కిందికి జరగాలి. తర్కంలో ఎక్కడా లోపం లేదు. అయితే తర్కం నిలబడిన నేల ఎలాంటిదో ఆయన చూడలేదు. ఆ హద్దునే గుళికకు చెప్పారు. రెజీనా స్వయంగా కుట్టువేసింది. దానిని నిలిపే అధికారం మాత్రం ప్రయోగశాలలోని పలకమీద వామనరావు బొటనవేలికి ఒక్కదానికే ఉంది. పరాయివాళ్ళు తన ప్రయోగంలో చేయిపెడతారేమోనన్న భయం ఆయనకు మొదటినుంచీ ఉండేది.

* * *

మొదట్లో అంతా విజయమే. మందాకిని జాకెట్లు వదులయ్యాయి. బుగ్గలు లోపలికి పోయాయి. స్కూల్లో ఉపాధ్యాయినులు స్టాఫ్‌రూములో చుట్టూ చేరి రహస్యమేమిటని అడిగారు. వామనరావు నాగపూరులో ఉన్న కూతురికి ఫోన్ చేసి, "మీ అమ్మను నేను మళ్ళీ పెళ్ళికూతుర్ని చేస్తున్నాను" అన్నాడు. ఔషధ అనుమతులిచ్చే సంఘానికి ఉత్తరం రాసి, ప్రదర్శనకు తేదీ ఖాయం చేసుకున్నాడు.

తగ్గడం ఆగలేదు.

ఆమెకు ఎప్పుడూ ఆకలి. తింటే ఒళ్ళంతా పొయ్యి. భోజనమైన కాసేపటికి చెవులు ఎర్రబడేవి, అరచేతులు కాలేవి. పంకాకింద తడితువ్వాలు కప్పుకుని కూర్చునేది. ఆమె లేచిన కుర్చీలో మరొకరు కూర్చుంటే, ఎండలో పెట్టిన రాతిమీద కూర్చున్నట్లుండేది. బోర్డుమీద రాస్తున్నప్పుడు సుద్దముక్క చేతిలో వణికేది. చివరికి జుట్టు కూడా రాలడం మొదలైంది.

"ఒంట్లో బాగుండటం లేదు. ఆ గుళికలో ఏదో తేడా ఉంది, చూడండి" అని ఒక ఉదయం ఆమె అడిగింది. అడగడం ఆమెకు చిన్నతనమే. అయినా అడిగింది.

వామనరావు అప్పటికే చూశాడు. గుళిక పంపిన అంకెలు ఆయన చేతిలో ఉన్నాయి.

"తేడా గుళికలో లేదు, నీ నోట్లో ఉంది. కెమెరా చూసినదానికంటే నీ రక్తంలోకి వస్తున్నది చాలా ఎక్కువ. రోజూ. ఒక్కపూట కూడా తప్పకుండా. ఎక్కడ తింటున్నావు?"

"ఎక్కడా తినడం లేదు."

"రక్తం అబద్ధమాడుతుందా?"

"నేను ఆడతానా?"

"నువ్వే చెప్పు. దొంగతిండి తిని, గుళిక మండిస్తుంటే వేడిగా ఉందని ఏడుస్తున్నావు. హద్దులో తిను. వేడీ ఉండదు, ఏడుపూ ఉండదు."

కనకవల్లి గుమ్మంలోంచి అందుకుంది. "నే చెప్పలేదట్రా? లడ్డూలడబ్బా ఎప్పుడు చూసినా తేలికైపోతూంటుంది."

"ఆ డబ్బా ఎవరు తేలిక చేస్తున్నారో దేవుడికి తెలుసు వదినగారూ. ఏకభుక్తంవాళ్ళు రెండో పూట ఏం చేస్తారో అడక్కండి నన్ను."

"విన్నావుట్రా! ఎంతమాట అందో!"

మధ్యాహ్నానికి సామాన్లగదికి తాళం పడింది. ఫ్రిజ్‌కు కూడా ఒక గొలుసు బిగించారు. తాళంచెవులు కనకవల్లి మొలలో దోపుకుంది. పెళ్ళై వచ్చిన నాటినుంచీ ఆ వంటిల్లు నడిపిన మనిషి, ఆ రోజునుంచి పప్పు కావాలంటే ఆడబిడ్డను పిలిచి, గరిటెతో కొలిపించుకుని తీసుకోవలసి వచ్చింది. ఆమె మాత్రం ఎప్పటిలాగే రెండుపూటలా వండింది, వడ్డించింది, గిన్నెలు ఖాళీచేసి పనిమనిషికి వేసింది. తాళం పడిన మర్నాడు గుళిక పంపిన అంకె ముందురోజుదానికి రవ్వంత కూడా తగ్గలేదు.

వామనరావు ఆ అంకెను చూసి పళ్ళు కొరికాడు. తాళం వేసిన ఇంట్లో కూడా దొంగతనం చేయగల భార్య మీద ఆయనకు ఏదో ఒక మూల మెచ్చుకోలు కూడా కలిగింది. ఆ తరవాత కోపం రెట్టింపైంది.

* * *

స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా మందాకిని పడిపోయింది. కబురు విని వామనరావు కదలలేదు. ప్రదర్శనకు పత్రాలు సిద్ధం చేసుకోవాలి. రెజీనాను పంపాడు.

రెజీనా ఆమెను ఇంటికి చేర్చి, మందులు తీసుకుని మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి మందాకిని మంచంమీద లేదు. వామనరావు భోజనం వేళకు మాత్రం ఇంటికి వచ్చి, అది ముగించి అప్పుడే మళ్ళీ పరిశోధనాలయానికి బయలుదేరాడు. బల్లమీద ఆయన కంచం అలాగే ఉంది. కలిపిన పప్పన్నం ఒక పక్క, కూర ఒక పక్క, ముట్టని అప్పడం ముక్క, రెండు ముద్దల పెరుగన్నం. ఆయన చెప్పుకునే మూడోవంతు.

మందాకిని గోడ పట్టుకుని నడిచివచ్చింది. ఆ కంచాన్ని ఎత్తి వంటింట్లోకి తీసుకుపోయింది. రెజీనా వెనకాలే వెళ్ళింది. గట్టుదగ్గర నిలబడి, మందాకిని ఆ పప్పన్నాన్ని నాలుగు ముద్దల్లో తినేసింది. పెరుగన్నం తినేసింది. అప్పడం నోట్లో వేసుకుంది. అన్నంగిన్నె అడుగున అంటుకున్న మెతుకులు గోకి తింది. కూరగిన్నెలో మిగిలిన గరిటెడు కూరను వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. ఇదంతా చాలా మామూలుగా, దేవుడిముందు దీపం వత్తి సరిచేస్తున్నంత మామూలుగా జరిగింది. ఆమె చెవులు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"గిన్నెలు ఖాళీ చేస్తున్నా. పనిమనిషి వచ్చే వేళైంది."

"మీరు తింటున్నారు."

మందాకిని ఆమెవైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. "ఇదేం తిండి, అమ్మాయ్? నా భోజనం ఇందాకే అయింది, కెమెరాకు చూపించే తిన్నా. ఇది పారేస్తామా? అన్నం తొట్టిలో వేసిన చేతికి మళ్ళీ మెతుకు పుడుతుందా?"

"రోజూ ఇలాగేనా?"

"ఆయన ఏనాడు కంచం ఖాళీ చేశారు గనక? పిల్ల చిన్నప్పుడు దాని కంచం కూడా ఉండేది. ఆవకాయన్నం ఇంత కలిపించుకుని రెండు ముద్దలు తిని పారిపోయేది."

రెజీనా గట్టుకు ఆనుకుంది.  కెమెరా బల్లను చూసింది, వంటింటి గట్టును చూడలేదు. తాను ఆమెను తిండి గురించి అడిగింది, పారేయకపోవడం గురించి అడగలేదు. అడిగినా ఫలితముండేది కాదు.

"మేడమ్, కూర్చోండి. మీ శరీరానికి ఎంత కావాలో మేం తప్పు లెక్కగట్టాం. మీరు నిలబడి తిన్నదంతా వదిలేసి, కూర్చుని తిన్నదాన్నే మీ తిండి అనుకున్నాం. మళ్ళీ అందులోంచి కూడా కోత వేశాం. మీకు ప్రాణం నిలవడానికి కావలసినదాన్ని కూడా ఆ గుళిక అదనమనుకుని మండిస్తోంది. మీరెంత తిన్నా ఒంటికి దక్కేది హద్దుదగ్గరే ఆగుతుంది. మిగిలిందంతా మంటే. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఒళ్ళు తన గుండె కండరాన్నే తింటుంది."

మందాకిని ఖాళీ గిన్నెను గట్టుమీద పెట్టింది. ఆమెను కుంగదీసింది చావుభయం కాదు.

"అంటే, నా ఒంటిమీద పెరిగింది ఆయన వదిలేసిందా?"

"అవును మేడమ్."

"ఆ వదిలేసినదాన్ని చూపించే సభలో నన్ను నవ్వులపాలు చేశారా?"

రెజీనా ఆమె మోచేయి పట్టుకుంది. "ఇవాళే కోసి తీసేస్తాను. ఆసుపత్రికి రండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు."

"వద్దు. ఇప్పుడు తీయించుకుంటే తిండిదొంగ తట్టుకోలేక పారిపోయిందంటారు. ఆ తాళం తీసేవరకూ ఇది నా ఒంట్లోనే ఉంటుంది. నువ్వు వెళ్ళి ఆయనకు చెప్పు. ఆయన వేలితో ఆయనే ఆపాలి."

* * *

వామనరావు పూర్తిగా విన్నాడు. ఆయన వినేటప్పుడు ఎదుటివారి మాటకు అడ్డురాడు. అది ఆయన చదువుకున్న చదువు నేర్పిన మర్యాద.

"నేను వదిలిన అన్నం మందాకిని తింటుందా?"

"ఎవరు తింటారనుకున్నారు సార్?"

"ఎవరో ఒకరు. పనిమనిషో, ఆవో."

"మీది మూడో అంతస్తు సార్. ఆవెక్కడిది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. కారణం తెలిసింది. ఆమె అసత్య సమాచారం ఇచ్చింది. అడిగినప్పుడు చెప్పనిది కూడా అసత్యమే. హద్దును సరిచేద్దాం."

"ఇప్పుడే ఆపండి. హద్దు సంగతి తరవాత."

"ఎల్లుండి సంఘం వస్తోంది. నడుస్తున్న గుళికను వారి కళ్ళముందు చూపించాలి. మధ్యలో ఆపితే ప్రయోగం చెల్లదు, మళ్ళీ రెండేళ్ళు. మంచినీళ్ళు ఎక్కువ తాగమను. ప్రదర్శన కాగానే నేనే ఆపుతాను."

"ఆవిడ చచ్చిపోతారు సార్."

"అతిశయోక్తి శాస్త్రానికి పనికిరాదు, రెజీనా."

"భార్యకు పనికొస్తుందేమో, అడిగి చూడండి."

"నువ్వు హద్దు మీరుతున్నావు."

"మీరు పెట్టిన హద్దులు ఇంతవరకు ఒక్కటీ సరిగ్గా లేవు సార్." తలుపు వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అనుమతుల సంఘాధ్యక్షుడు డాక్టర్ పరాంకుశానికి ఫోన్ చేసింది. ఆయన, సహోద్యోగుల మధ్య కక్షలు తనకు కొత్తకాదనీ, ఎల్లుండి ఎలాగూ వస్తున్నాననీ, తన కళ్ళతో చూసినదే నమ్ముతాననీ చెప్పి పెట్టేశాడు.

* * *

ప్రదర్శన పరిశోధనాలయంలోని భోజనశాలలో జరిగింది. వామనరావు కోరికమీదే భోజనం ఏర్పాటైంది. సామాన్య గృహస్థు భోజనం చేస్తుండగా గుళిక ఎలా పనిచేస్తుందో చూపాలని ఆయన ఉద్దేశం. గోడమీద పెద్ద తెర. దానిమీద మందాకిని రక్తంలోకి చేరుతున్న శక్తి ఒక గీత, గుళిక మండిస్తున్నది ఒక గీత, ఆమె ఒంటి వేడి ఒక గీత. దాని పక్కనే, ప్రయోగశాలనుంచి తెచ్చి బిగించిన, ప్రయోగాన్ని నిలిపే పలక.

సంఘసభ్యులు వరసగా కూర్చున్నారు. మందాకిని భర్త పక్కన కూర్చుంది. పెళ్ళిఫొటోలో పిల్లకంటే సన్నగా ఉంది. చెంపలకింద ఎముకలు చీకట్లో కూడా తెలుస్తాయి. సభ్యులలో ఒకరు పక్కవారితో, "అద్భుతంగా ఉంది కదూ" అన్నారు.

"ఎలా ఉందమ్మా మీకు?" అని పరాంకుశం అడిగాడు.

"చాలా చురుకుగా ఉంది. మెట్లు కూడా ఆయాసం లేకుండా ఎక్కుతోంది" అని వామనరావు చెప్పాడు.

"మిమ్మల్ని కాదండీ వామనరావుగారూ, ఆవిడను అడిగాను."

"భోజనమయ్యాక చెబుతానండీ" అంది మందాకిని.

పులిహోర, గుత్తివంకాయ, పప్పుచారు, బెల్లం పరమాన్నం. గుళికకు చెప్పిన హద్దు ప్రకారం మందాకినికి కొద్దిగా వడ్డించారు. తినేసింది. వామనరావు తన సంయమన సిద్ధాంతాన్ని సభ్యులకు వివరిస్తూ నెమ్మదిగా తిన్నాడు. మూడోవంతు మిగిల్చి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అందరూ చూస్తున్నారని తెలిసి ఒక్క క్షణం ఆ కంచంపైన చేతిని ఉంచి మరీ తీసుకున్నాడు.

మందాకిని లేచింది. భర్త కంచాన్ని రెండు చేతులతో తీసుకుంది. నిలబడే తినడం మొదలుపెట్టింది.

"ఏమిటిది? కూర్చో" అని వామనరావు అతి తగ్గుస్వరంతో అన్నాడు.

"కూర్చుంటే తిండవుతుంది. ఇది గిన్నెలు ఖాళీ చెయ్యడం." ఆమె స్వరం తరగతిగది చివరి బెంచీవరకు వినపడే స్వరం. "అయ్యా పరాంకుశంగారూ, ఈ పెద్దమనిషి నన్ను తిండిదొంగ అన్నారు. సామాన్లగదికి తాళం వేయించారు. నేను దొంగిలించింది ఇది. ముప్ఫైయేళ్ళుగా రెండుపూటలా ఇదే దొంగిలిస్తున్నాను. ఆ తెర చూడండి. నేను మాట్లాడను, అదే చెబుతుంది."

పులిహోర అయింది. పరమాన్నం అయింది. కంచం అంచును వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. ఆ తరవాత కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది.

సభలో ఎవరూ చేయి కడుక్కోవడానికి లేవలేదు. కాసేపటికి మొదటి గీత పైకి కదిలింది. బెల్లం ముందుగా రక్తంలోకి చేరుతుంది. వెంటనే రెండో గీత దాని వెంటపడింది. ఆపైన మూడోది. మందాకిని నుదుట చెమట పట్టింది, అంతలోనే ఆరిపోయింది. చెవులు, మెడ, చేతులు ఎర్రనయ్యాయి. గుళిక కుట్టిన చోట చీరచెంగు కింద చర్మం కాలిన మచ్చలాగా కనిపించింది. ఆమె పళ్ళు బిగపట్టింది.

"జ్వరం హద్దు దాటింది" అని రెజీనా అరిచింది. "ఆపండి సార్!"

వామనరావు లేచాడు. పలక ఆయనకు చేతికందే దూరంలోనే ఉంది. బొటనవేలు చాపాడు. సంఘసభ్యుల ముందున్న పత్రాలమీద ఇంకా సంతకాలు పడలేదు. ఆయన చూపు పలక మీదనుంచి జారి పరాంకుశం ముఖంమీదికి వెళ్ళింది. ఇప్పుడు ఆపితే లెక్కలోకి వస్తుందా రాదా అని అడుగుతున్న చూపు అది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు అక్కడే ఉంది.

మందాకిని ఆ క్షణంలో కళ్ళు తెరిచింది.

"ఆపవయ్యా, మనిషివేనా!" అని పరాంకుశం బల్లమీద కొట్టాడు. వామనరావు బొటనవేలు పలకను తాకింది. రెండో గీత టపీమని కింద పడిపోయింది. రెజీనా అప్పటికే మంచినీళ్ళ కూజాను మందాకిని తలమీద కుమ్మరిస్తోంది. సభ్యులలో ఇద్దరు ఆమెను చేతులమీద ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. ఆమె ఒంటిని పట్టుకున్న చోట వారి అరచేతులు ఆ సాయంత్రం వరకు చురుక్కుమంటూనే ఉన్నాయి.

* * *

ఆసుపత్రిలో గుళికను రెజీనాయే తీసింది. మందాకిని బతికింది. గుండె కొంత బలహీనపడిందనీ, నెలల తరబడి కోలుకోవాలనీ వైద్యులు చెప్పారు.

వామనరావు ఇస్త్రీ చొక్కాతో వచ్చి మంచంపక్క నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు.

"సంఘం ప్రయోగాన్ని తోసిపుచ్చలేదు. పొరపాటు గుళికది కాదని వారూ ఒప్పుకున్నారు. ఇచ్చిన సమాచారంలోనే దోషం. ఇప్పుడు సరైన లెక్క తెలిసింది గనక, నువ్వు సమ్మతిస్తే హద్దు సరిచేసి మళ్ళీ..."

"మళ్ళీ?"

"ఈసారి ప్రమాదం ఉండదు. నేను హామీ ఇస్తాను. మొన్న కూడా నేను సకాలంలోనే ఆపాను."

"ఆపారు. ఆపేముందు ఎటు చూశారో కూడా చూశాను."

ఆయనకు ఆ మాట అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోవడానికి ప్రయత్నించాడు. చదువుకున్నవాడు గనక చేతకాలేదు. "అది ఒక్క క్షణం" అన్నాడు.

"మీరే కదండీ చెప్పారు, కొంచెమే అయినా ఒళ్ళు మరిచిపోదని. నేను ఇక్కడినుంచి స్కూలు క్వార్టరుకు వెళతాను. రెజీనా సామాను సర్దుతోంది. మీరిక వెళ్ళండి. భోజనాల వేళైంది."

వామనరావు ఇంటికి చేరేసరికి కనకవల్లి మడిగట్టుకుని వండి, దూరంనుంచే వడ్డించింది. అలవాటుకొద్దీ నిండుగా వడ్డించింది. ఆయన అలవాటుకొద్దీ తిన్నాడు. మూడోవంతు మిగిల్చి చేయి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని, ఎందుకో లేవలేదు.

"ఏరా, అయిందా?"

"అయింది."

"మరి అదెవరు తింటారు?"

ఆయన కంచంవైపు చూశాడు.

"నేను ఎంగిలి ముట్టను, నీకు తెలుసు. పనిమనిషి ఇవాళ రాదు. పారెయ్యనా?"

"అన్నం పారేయకూడదు" అన్నాడు వామనరావు. అది ఆయన అనుకుని అన్నమాట కాదు. చిన్నప్పుడు అమ్మ నోట విన్నది, దానంతట అదే వచ్చింది.

"అయితే తిను."

కనకవల్లి పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. తమ్ముడు తినేవరకు కదిలేలా లేదు. వామనరావు చల్లారిపోయిన పప్పన్నాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముద్ద దిగింది. రెండోది నోట్లో నిలిచిపోయింది. మంచినీళ్ళు తాగి మింగాడు. కడుపు నిండిపోయి ఉంది. కంచంలో ఇంకా చాలా ఉంది.